ఒక్క శాతం లిస్టింగ్ అంటే పాత ఏజెంట్లకు ఎందుకంత మంట?

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో ఆరు లక్షల డాలర్ల ఇల్లు అమ్మకానికి పెడుతున్నారనుకోండి. మామూలు ఏజెంట్ లిస్టింగ్‌కి (మీ తరఫున ఇల్లు అమ్మిపెట్టే పనికి) 3 శాతం అడుగుతాడు, అంటే 18 వేలు. ఆన్‌లైన్‌లో దొరికే డిస్కౌంట్ బ్రోకరేజీ 1 శాతానికి, అంటే 6 వేలకే చేసిపెడతానంటుంది. ఇంకా చవగ్గా, కొన్ని వందల డాలర్లు ముందే కట్టించుకుని ఇంటిని ఎం.ఎల్.ఎస్.లోకి (అమ్మకానికున్న ఇళ్లను ఏజెంట్లంతా పెట్టుకునే ఉమ్మడి జాబితాలోకి) ఎక్కించి పక్కకు తప్పుకునేవాళ్లూ ఉన్నారు. ఈ మూడు అంకెలూ ముందు పెట్టి ఏ పాత ఏజెంట్‌ని అడిగినా వచ్చే జవాబు ఒకటే: "ఒక్క శాతానికి వచ్చినవాడు ఒక్క శాతం పనే చేస్తాడండీ."

ఆ మాటలో సగం వ్యాపారం, సగం నిజం. వ్యాపారం సంగతి ఎవరైనా ఊహించగలరు. నిజమైన సగమే అమ్మేవాళ్లకు సరిగ్గా తెలియదు. అవతలి బ్రోకర్ ఎంత తీసుకుంటున్నాడన్నది ఏజెంట్లకు రెండో సంగతి. అతను వదిలేసిన పనంతా తమ నెత్తిన పడుతుంది, దానికి పైసా రాదు, పైగా తేడా వస్తే లైసెన్సుకు ముప్పు. అసలు మంట అక్కడ.

ముందు ఒక మాట. డిస్కౌంట్ అన్న పేరు కింద కనీసం మూడు వేర్వేరు వ్యాపారాలు నడుస్తున్నాయి. ఏజెంట్లు అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. మొదటిది ఫ్లాట్ ఫీ. డబ్బు కట్టి ఫారం నింపి ఫొటోలు ఎక్కిస్తే ఒకటి రెండు రోజుల్లో ఇల్లు ఎం.ఎల్.ఎస్.లోకి, అక్కడి నుంచి జిల్లో, రియల్టర్ డాట్ కామ్‌లకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఫోన్లు, షోయింగులు, బేరాలు, కాగితాలు అన్నీ ఓనర్‌వే. రెండోది రెడ్‌ఫిన్ తరహా. 2004లో సియాటిల్‌లో మొదలైన ఈ కంపెనీ ఏజెంట్లను జీతానికి పెట్టుకుంది. లిస్టింగ్‌కి 1.5 శాతం, అమ్మి మళ్లీ వాళ్ల ద్వారానే కొంటే 1 శాతం. ఇంట్లో తిప్పి చూపించే మనిషి ఒకరు, బేరమాడే ఏజెంట్ ఇంకొకరు, కాగితాలు చూసే కోఆర్డినేటర్ మరొకరు. మూడోది రిబేట్. కొనేవాళ్ల ఏజెంట్ తనకొచ్చిన కమిషన్‌లో కొంత కొనేవాళ్లకే తిరిగిస్తాడు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువగా నలిగేది ఈ మూడోదే. దాని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

ఏజెంట్ లెక్క కూడా ఒకసారి చూడాలి. 18 వేలూ అతని జేబులోకి పోవు. బ్రోకరేజీతో వాటా 70-30 అనుకుంటే మిగిలేది 12,600. కొన్ని ఫ్రాంచైజీలు ఇంకో 6 శాతం రాయల్టీ పట్టుకుంటాయి. ఫొటోగ్రాఫర్, బోర్డు, తాళంచెవి పెట్టే లాక్‌బాక్స్, ఎం.ఎల్.ఎస్. చందా, ఇన్సూరెన్సు, పెట్రోలు అన్నీ సొంతమే. ఉద్యోగి కాడు కాబట్టి సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ 15.3 శాతం, దానిమీద ఇన్‌కమ్ ట్యాక్స్. ఆ క్లయింట్ రిఫరల్ మీద వచ్చుంటే పాతిక నుంచి ముప్పై ఐదు శాతం దాకా పంపినవాళ్లకు ముందే పోతుంది. ఇంకొకటుంది, దీన్ని మాత్రం ఏజెంట్లు బయటికి అనరు. నాలుగు నెలలు వారం వారం తిప్పించుకుని చివరికి ఏమీ కొనని కుటుంబాల ఖర్చు కూడా ఈ 18 వేలల్లోనే ఉంది. కొన్నవాడు కొననివాడి బిల్లు కడుతున్నాడన్నమాట. ఫ్లాట్ ఫీ కంపెనీ ముందే డబ్బు కట్టించుకుని ఆ బిల్లు లేకుండా చేసుకుంది. రెడ్‌ఫిన్‌కి క్లయింట్లు సొంత వెబ్‌సైట్‌ నుంచే వస్తారు, ఏజెంట్ వాళ్లను వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. అందుకే వాళ్ల రేటు తక్కువ. పనిలో దొంగతనం చేస్తున్నారు కాబట్టే తక్కువ అన్నది అన్నిచోట్లా నిజం కాదు.

ఇప్పుడు ఆ నెత్తిన పడే పని సంగతి. బయ్యర్ ఏజెంట్ (కొనేవాళ్ల తరఫు ఏజెంట్) వైపు నుంచి చూడండి. శనివారం పొద్దున ఐదు ఇళ్లు చూపించాలి. నాలుగింటికి యాప్‌లోనే అపాయింట్‌మెంట్ ఖాయమవుతుంది. గుమ్మానికి ఎలక్ట్రానిక్ లాక్‌బాక్స్ ఉంటుంది, ఫోన్ చూపిస్తే తెరుచుకుంటుంది, ఎవరు ఎన్నింటికి వచ్చారో రికార్డవుతుంది. ఐదోది ఫ్లాట్ ఫీ లిస్టింగ్. ఏజెంట్లకు మాత్రమే కనబడే రిమార్కుల్లో "ఓనర్‌కి ఫోన్ చేయండి" అని ఓ నంబరు. రెండుసార్లు చేస్తే వాయిస్‌మెయిల్. మూడోసారి ఎత్తి "ఇవాళ మా పిల్లాడి బర్త్‌డే అండీ, రేపు రండి" అంటారు. రేపు క్లయింట్‌కి కుదరదు. అంతటితో ఆ ఇల్లు లిస్టులోంచి ఎగిరిపోతుంది. ఓనర్‌కి మాత్రం ఇల్లు ఎందుకు కదలట్లేదో అర్థం కాదు, ధర తగ్గించాలేమో అనుకుంటాడు.

క్లయింట్‌కి ఆ ఇల్లు నచ్చిందనే అనుకుందాం. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఇచ్చిన ప్రామాణిక ఫారం మీద ఆఫర్ రాసి పంపాలి. ఎవరికి పంపాలి? ఆ ఇల్లు కాగితం మీద లిస్టింగ్ బ్రోకర్‌ది. అతని అనుమతి లేకుండా ఓనర్‌తో నేరుగా బేరం మాట్లాడితే బయ్యర్ ఏజెంట్ లైసెన్సుకే ఎసరు. ఇలాంటి గొడవల వల్లే టెక్సస్ 2005లో కనీస సేవల చట్టం తెచ్చింది. ఫీజు ఎంతైనా సరే, క్లయింట్ తరఫున ఉన్నానన్న బ్రోకర్ వచ్చిన ఆఫర్‌ని అందజేయాలి, ముఖ్యమైన సమాచారం చెప్పాలి, క్లయింట్ అడిగిన ప్రశ్నలకు జవాబివ్వాలి. ఫ్లాట్ ఫీ కంపెనీలు ఈ మూడింటినీ ఈమెయిల్ ఫార్వర్డ్‌తోనూ ఓ హెల్ప్ నంబరుతోనూ ముగించేస్తాయి. చట్టం ప్రకారం అది తప్పేమీ కాదు. కానీ రాత్రి తొమ్మిదింటికి ఆఫర్ చూసుకున్న ఓనర్‌కి అందుబాటులో కనబడే నంబరు ఒక్కటే, అది బయ్యర్ ఏజెంట్‌ది. "ఇదేంటండీ ఆప్షన్ పీరియడ్ అని ఉంది? ఎక్కడ సంతకం పెట్టాలి? ఈ రేటు మంచిదేనా?" అవతలి పార్టీ మనిషిని ఇలా సలహా అడుగుతున్నానన్న ఎరుక కూడా చాలామందికి ఉండదు. ఏజెంట్ జవాబు చెబితే తన క్లయింట్‌కి ద్రోహం, చెప్పకపోతే డీల్ కదలదు.

సంతకాలయ్యాక మొదలవుతుంది అసలు కథ. టెక్సస్ కాంట్రాక్టులో గడువులన్నీ ఎఫెక్టివ్ డేట్ (ఒప్పందం ఖాయమైన తేదీ) నుంచి లెక్కిస్తారు. ఆ తేదీ వేయాల్సింది బ్రోకర్. ఫ్లాట్ ఫీ డీల్‌లో ఎవరూ వేయరు, లేదా ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. ఎర్నెస్ట్ మనీ (బయానా), ఆప్షన్ ఫీ (కారణం చెప్పకుండా తప్పుకునే హక్కుకు కట్టే రుసుము) ఆ తేదీ నుంచి మూడు రోజుల్లో, డబ్బూ కాగితాలూ చేతులు మార్చే టైటిల్ కంపెనీకి చేరాలి. తేదీయే తేలనప్పుడు మూడు రోజులు ఎప్పటికి అయినట్టు?

తర్వాత సెల్లర్స్ డిస్‌క్లోజర్. ఇంటికున్న లోపాలు, పాత రిపేర్లు, నీళ్లు లోపలికొచ్చిన చరిత్ర రాసిచ్చే ఫారం. ఇది ఇవ్వకుండా కాంట్రాక్టు కుదిరితే, అది చేతికి వచ్చిన ఏడు రోజుల్లోపు కొనేవాడు ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. అసలు ఇవ్వనే లేదనుకోండి, క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు) ముందురోజు కూడా వెళ్లిపోవచ్చు. అందుకే పాత ఏజెంట్లు ఈ ఫారం నింపించకుండా ఇంటిని మార్కెట్‌లోనే పెట్టరు. స్థలం హద్దులు చూపించే సర్వే సంగతీ అంతే. పాత సర్వే ఉంది, అదే ఇస్తామని ఒప్పుకుంటే దానితోపాటు టి-47 అఫిడవిట్ (సర్వే తర్వాత ఏమైనా మారిందా అని ఓనర్ ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం) కూడా గడువులోగా అందాలి. ఒక్కరోజు దాటినా కొత్త సర్వే ఖర్చు అమ్మేవాడి మీద పడుతుంది. పెరట్లో షెడ్డు వేసో పూల్ తవ్వించో ఉంటే పాత సర్వేని లెండరూ టైటిల్ కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఆ సంగతి క్లోజింగ్ వారంలో తెలిస్తే తేదీ జరిగిపోతుంది. హెచ్.ఓ.ఎ. (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కాగితాలు ఎవరు తెప్పించాలి, ఫీజు ఎవరు కట్టాలి అన్నది కాంట్రాక్టుకు జోడించే అడెండంలో టిక్కు పెట్టి ఉంటుంది. టిక్కు పెట్టిన ఓనర్‌కే గుర్తుండదు.

డీల్ చచ్చిపోయేది ఎక్కువగా ఆప్షన్ పీరియడ్‌లో. మా వైపు ఐదు నుంచి పది రోజులు మామూలు. ఆ రోజుల్లో కొనేవాడు చిన్న రుసుముకి బదులుగా ఏ కారణంతోనైనా తప్పుకునే హక్కు కొనుక్కుంటాడు. చివరి రోజు సాయంత్రం 5 గంటలకు అది ముగుస్తుంది. ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ వస్తుంది. ఏసీ డ్రెయిన్ పాన్ తుప్పు, పైకప్పు మీద వడగళ్ల దెబ్బలు, ఫౌండేషన్ ఓ మూల కిందికి దిగింది. రిపేర్లకు ఇన్ని వేలు తగ్గించమని అమెండ్‌మెంట్ రాసి ఆఖరి రోజు మధ్యాహ్నం పంపుతారు. పాత ఏజెంట్ అయితే ఆ రిపోర్ట్ వస్తుందని ముందే తెలిసి రూఫర్‌నీ ఏసీ మెకానిక్‌నీ మాట్లాడి పెట్టుకుంటాడు, మూడింటికల్లా అంకె తెగ్గొడతాడు. ఫ్లాట్ ఫీ ఓనర్ ఆఫీసులో మీటింగులో ఉంటాడు, ఆరింటికి మెయిల్ చూస్తాడు. అప్పటికే బయ్యర్ ఏజెంట్ 4:40కి టెర్మినేషన్ నోటీసు పంపేసి ఉంటాడు, ఎందుకంటే 5 దాటితే క్లయింట్ ఎర్నెస్ట్ మనీ ఇరుక్కుంటుంది. రెండు మూడు వేల దగ్గర తెగిపోవాల్సిన బేరం మెయిల్ చూడకపోవడం వల్ల పోతుంది. ఇల్లు మళ్లీ మార్కెట్‌లోకి వస్తే తర్వాత వచ్చేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "మొదటివాళ్లు ఎందుకు వదిలేశారు?"

లోన్ కోసం ఇంటి విలువ కట్టే అప్రైజల్ దగ్గర టెక్సస్‌కి ఇంకో మెలిక ఉంది. ఇక్కడ ఇల్లు ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వ రికార్డులో ఉండదు. కౌంటీ వేసే పన్ను విలువ వేరు, అసలు అమ్మకం ధర వేరు. ఆ ధరలు ఎం.ఎల్.ఎస్. సభ్యులకు మాత్రమే పూర్తిగా కనబడతాయి. కాబట్టి లిస్టింగ్ ధర పెట్టేటప్పుడే ఫ్లాట్ ఫీ ఓనర్ సగం చీకట్లో ఉంటాడు. వెబ్‌సైట్ల అంచనా ధర కూడా ఇలాంటి రాష్ట్రాల్లో కాళ్లు విరిగిన కుర్చీయే. అప్రైజర్ వచ్చిన రోజు మంచి లిస్టింగ్ ఏజెంట్ గుమ్మం దగ్గరే ఉండి మూడు నాలుగు పోలిక ఇళ్ల కాగితం, చేయించిన పనుల జాబితా తేదీలతో సహా చేతికిస్తాడు. అప్రైజర్ తీసుకోవాలని రూలేమీ లేదు, కానీ పక్క వీధిలో కిందటి నెల ఏజెంట్ల మధ్యే అయిపోయిన అమ్మకం ఒకటి దృష్టికి రావడానికి అదే దారి.

ఇదంతా విన్నాక పాత ఏజెంట్లే దేవుళ్లని అనుకోనక్కర్లేదు. బోర్డు పాతి, ఎం.ఎల్.ఎస్.లో పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చునే 3 శాతం ఏజెంట్లు ప్రతి సబ్‌డివిజన్‌లోనూ దొరుకుతారు. ఫోన్‌తో తీసిన ఫొటోలు, అందులో టాయిలెట్ మూత తెరిచే ఉంటుంది. "మేం ఎక్కువ ధర తెస్తాం" అన్న మాట కూడా లెక్కకు నిలవదు. పది వేలు ఎక్కువ తెస్తే 3 శాతం ఏజెంట్‌కి దక్కేది 300, వాటా పోను 210. ఆ 210 కోసం ఇంకో రెండు వారాలు ఓపెన్ హౌస్‌లు పెట్టడం ఎవరికి గిట్టుబాటు? చికాగో చుట్టుపక్కల జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2008లో అచ్చువేశారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు క్లయింట్ల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువకు, తొమ్మిది పది రోజులు ఎక్కువ ఆగి అమ్ముకున్నారని తేలింది. డిస్కౌంట్ బ్రోకర్‌కీ ఆ ప్రోత్సాహం లేదు, ఫ్లాట్ ఫీ వాడికి అసలు సున్నా. కానీ ఉందని చెప్పుకునేది మాత్రం పాత ఏజెంటే.

పాత ఏజెంట్ల వైపు ఇంకో మచ్చ ఉంది. దాన్ని వాళ్లు ఒప్పుకోరు. 2024 ఆగస్టు వరకు ఎం.ఎల్.ఎస్.లో ఒక గడి ఉండేది: బయ్యర్ ఏజెంట్‌కి సెల్లర్ వైపు నుంచి ఎంత ఇస్తారో అందులో రాసేవారు. 3 అని ఉన్నచోటికి క్లయింట్‌ని తీసుకెళ్లి, 1.5 అని ఉన్న డిస్కౌంట్ లిస్టింగ్‌ని "ఆ వీధిలో ట్రాఫిక్ ఎక్కువండీ" అని తప్పించడం ఈ వృత్తిలో తెలియనిదేం కాదు. 2007లోనే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యాయశాఖ కలిసి ఇచ్చిన నివేదిక దీన్ని ప్రస్తావించింది. చివరికి ఈ కమిషన్ పద్ధతి మీద ఇళ్లు అమ్మినవాళ్లు వేసిన దావాలో 2023 అక్టోబర్ 31న మిసోరీలోని కాన్సస్ సిటీలో ఫెడరల్ జ్యూరీ దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం తేల్చింది. 2024 మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆగస్టు 17 నుంచి ఆ గడి పోయింది. ఇల్లు చూపించే ముందే కొనేవాళ్లతో ఫీజు ఎంతో రాసిన ఒప్పందం మీద సంతకం తీసుకోవాలి.

గడి పోయినా డబ్బు పోలేదు. ఆఫర్‌తోపాటే "మా ఏజెంట్ ఫీజు 2.5 శాతం సెల్లర్ ఇవ్వాలి" అని వస్తోంది. ఒక్క శాతం ప్రకటన చూసి మురిసిపోయేవాళ్లు ఇక్కడ ఉలిక్కిపడతారు. ఆ ఒక్క శాతం లిస్టింగ్ వైపుది మాత్రమే. పై లెక్కలో 6 వేలకు ఇంకో 15 వేలు కలిస్తే మొత్తం 21 వేలు. 3 శాతం ఏజెంట్ అయితే 18 వేలకు ఆ 15 వేలు కలిసి 33 వేలు అయ్యేది. మిగిలేది ఎటుచూసినా 12 వేలే, అదీ తక్కువేం కాదు. రెండు వైపులా కలిపి ఆరు శాతం అయ్యేది ఒక్క శాతానికి దిగిందన్న లెక్క మాత్రం తప్పు.

ఇక రిబేట్. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ శివార్లలో మనవాళ్లు ఎక్కువగా కొనేది కొత్త ఇళ్లు. బిల్డర్ బయ్యర్ ఏజెంట్‌కి కమిషన్ ఇస్తాడు. ఇల్లు బిల్డర్ సేల్స్ ఆఫీసే చూపిస్తుంది, కాంట్రాక్టు బిల్డర్ సొంత ఫారమే, బేరానికి చోటు తక్కువ. ఇంత తక్కువ పనికి మూడు శాతం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే పగలు ఐటీ ఉద్యోగం, సాయంత్రం రియల్టర్ అయిన తెలుగు ఏజెంట్లు సగం పైగా తిరిగిచ్చేస్తున్నారు. ఫుల్‌టైమ్ పాత ఏజెంట్లకు అసలు కడుపుమంట వెబ్‌సైట్ల మీదకంటే వీళ్ల మీదే ఎక్కువ. "మాకు ఇదే అన్నం, వాళ్లకు ఇది పచ్చడి" అని బాహాటంగానే అంటారు. వాళ్ల ఫిర్యాదులో పనికొచ్చే మాట ఒకటుంది. కొత్త ఇంటికి కూడా స్లాబ్ పోయకముందు, డ్రైవాల్ బిగించకముందు, అప్పగించే ముందు మూడు ఇన్‌స్పెక్షన్లు చేయించాలి, ప్రతి రిపోర్టు మీదా బిల్డర్ సూపరింటెండెంట్ వెంటపడాలి. రిబేట్ ఏజెంట్ మొదటి రోజు రిజిస్టర్ చేసి మళ్లీ క్లోజింగ్ రోజు కనబడితే ఆ వెంటపడే పని మీదే.

రిబేట్‌లో నలిగే చోట్లు ఇవి. చాలామంది బిల్డర్లు మొదటిసారి మోడల్ హోమ్‌కి వెళ్లినప్పుడే ఏజెంట్ వెంట ఉండాలంటారు. ఆదివారం సరదాగా వెళ్లి టాబ్లెట్‌లో మీ పేరు ఎక్కించేస్తే ఆ తర్వాత ఏజెంట్‌ని తెచ్చినా కమిషన్ ఇవ్వరు, కమిషన్ లేకపోతే రిబేట్ లేదు. రిబేట్ మాట నోటితో కాకుండా ఒప్పందంలో అంకెతో ఉండాలి. శాతం మూల ధర మీదా, అప్‌గ్రేడ్‌లు కలిపా? చాలాచోట్ల కమిషన్ లెక్క దగ్గరే ఈ తేడా వస్తుంది. క్లోజింగ్‌లో క్రెడిట్‌గా ఇస్తే లెండర్‌కి ముందే చెప్పాలి, క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో (లోన్ ఆఖరి లెక్కల కాగితంలో) కనబడాలి. క్లోజింగ్ ఖర్చుల్ని మించితే లెండర్ ఒప్పుకోడు, డౌన్ పేమెంట్ కింద వాడుకోనివ్వడు. "లెండర్‌కి చెప్పకండి, తర్వాత చెక్ ఇస్తా" అనే ఏజెంట్ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి, అది లోన్ మోసం కిందికి వస్తుంది. ఇంకొకటి, రిబేట్ అన్ని రాష్ట్రాల్లో చెల్లదు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో చెల్లుతుంది. న్యూజెర్సీ 2010లో అనుమతించింది. అలబామా, లూసియానా, మిసిసిపీ లాంటివి నిషేధించిన రాష్ట్రాల జాబితాలో చాలాకాలంగా ఉన్నాయి. అట్లాంటా నుంచి అలబామాలోని బర్మింగ్‌హామ్‌కి మారేవాళ్లు పాత ఊళ్లో స్నేహితుడికి ఎంత వచ్చిందో చెప్పి బేరమాడితే లాభం లేదు.

"ఇలాంటివి చాలా చూశాం, వస్తాయి, పోతాయి" అన్నది పాత ఏజెంట్ల ధీమా. దానికి ఆధారాలూ ఉన్నాయి. 1999లో కాలిఫోర్నియాలో మొదలైన జిప్‌రియాల్టీ ఏజెంట్లకు జీతాలిచ్చి, రిబేట్లిచ్చి, చివరికి 2014లో పాతకాలపు బ్రోకరేజీల యజమాని రియాలజీకే అమ్ముడుపోయింది. బ్రిటన్ నుంచి 2017లో లాస్ ఏంజెలెస్‌లో దిగిన పర్పుల్‌బ్రిక్స్ రెండేళ్లలో సామాన్లు సర్దుకుంది, 2023లో బ్రిటన్‌లో ఒక్క పౌండుకు చేతులు మారింది. ఎం.ఎల్.ఎస్. అక్కర్లేదు, బయ్యర్ ఏజెంట్లకు ఏమీ ఇవ్వమన్న రెక్స్ 2022లో దుకాణం కట్టేసింది. రెడ్‌ఫిన్‌ని 2025లో రాకెట్ కంపెనీస్ కొనేసింది. అంతకుముందే రెడ్‌ఫిన్ తన జీతాల పద్ధతిని కమిషన్ వైపు జరుపుకుంటూ వచ్చింది.

కానీ దీన్నుంచి పాత ఏజెంట్లు తీసే ముగింపు సరైంది కాదు. కనీసం రెడ్‌ఫిన్ లాంటి కంపెనీ కుదేలైంది క్లయింట్లు సేవ బాలేదని పారిపోయి కాదు. 2021లో దేశం మొత్తం మీద 61 లక్షలకు పైగా పాత ఇళ్లు అమ్ముడయ్యాయి. 2023లో వడ్డీ రేట్లు పెరిగి అది దాదాపు 41 లక్షలకు పడింది, 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. జీతాలిచ్చే కంపెనీకి అమ్మకాలు పడ్డా జీతాల బిల్లు పడదు. మామూలు బ్రోకరేజీకి ఆ బాధ లేదు, అమ్మకం లేకపోతే ఏజెంటే పస్తుంటాడు. పాత పద్ధతి బతికిందంటే దెబ్బంతా ఏజెంట్ ఇంటి మీద పడేలా కట్టారు కాబట్టి. ఫ్లాట్ ఫీ కంపెనీలకు జీతాల బరువు అంతగా లేదు, అందుకే అవి చిన్నగా బతికే ఉన్నాయి.

అయితే ఎవరికి ఏది? ఒకే ప్లాన్ ఇళ్లు పది ఉన్న సబ్‌డివిజన్, ఇంటికి పదేళ్లలోపు వయసు, ఇల్లు ఖాళీ, ఇంటినుంచి పని చేసే ఓనర్, కాగితాలు చదివే ఓపిక: ఇక్కడ ఒక్క శాతం బ్రోకర్ నిక్షేపంగా చాలు, ఫ్లాట్ ఫీ కూడా నడుస్తుంది. ఫ్లాట్ ఫీకి వెళ్లేవాళ్లు మిగిలిన డబ్బులో కొంత రియల్ ఎస్టేట్ లాయర్‌కి ఇచ్చి కాంట్రాక్టు చదివించుకోవాలి. డిస్‌క్లోజర్, సర్వే, హెచ్.ఓ.ఎ. కాగితాలు లిస్టింగ్‌కి ముందే స్కాన్ చేసి పెట్టుకోవాలి. ఆప్షన్ చివరి రోజు సెలవు పెట్టుకోవాలి. ఫౌండేషన్ రిపేరు చరిత్ర, వారసత్వం ఆస్తి, విడాకుల్లో ఉన్న ఇల్లు అయితే పాత ఏజెంట్, అందులోనూ అలాంటివి చేసినవాడు.

హైదరాబాద్ తిరిగి వెళ్లిపోయి అక్కడినుంచి ఇల్లు అమ్మేవాళ్ల సంగతి ప్రత్యేకం. పన్ను లెక్కలో మీరు నాన్ రెసిడెంట్ అయిపోయి ఉంటే ఫిర్ప్టా (విదేశీయులు అమ్మే ఆస్తి మీద పన్ను ముందే పట్టుకునే చట్టం) కింద కొనేవాడు అమ్మకం ధరలో 15 శాతం పట్టి ఐ.ఆర్.ఎస్.కి (అమెరికా పన్నుల శాఖకి) కట్టాలి. కొనేవాడు తాను ఉండటానికే కొంటుంటే పది లక్షల డాలర్ల లోపు ఇంటికి 10 శాతం, మూడు లక్షల లోపైతే ఏమీ లేదు. ఆరు లక్షల ఇంటికి 60 వేలు, మీ లాభంతో సంబంధం లేకుండా. తగ్గించమని అడిగే 8288-బి ఫారం క్లోజింగ్ రోజుకల్లా దాఖలు కావాలి. సంతకాలకు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే అది ఆ ఇంటికే ప్రత్యేకంగా రాసి ఉండాలి, టైటిల్ కంపెనీ చేత ముందే ఒప్పించుకోవాలి. ఫ్లాట్ ఫీ కంపెనీ హెల్ప్ లైన్‌లో దీని గురించి చెప్పేవాడు దొరకడు. అలాగని పాత ఏజెంట్లందరికీ తెలుసనీ కాదు, నియమించుకునే ముందు ఫిర్ప్టా డీల్ ఎప్పుడైనా చేశారా అని అడగండి.

డిస్కౌంట్ ఒప్పందంలో కళ్లు పెట్టాల్సింది చిన్న అక్షరాల మీద. 1 శాతం పక్కన కనీస ఫీజు ఉందా? కనీసం 5 వేలని ఉంటే మూడు లక్షల ఇంటికి అది 1.67 శాతం. అమ్ముడు కాకపోయినా కట్టాలా? మధ్యలో ఆపేస్తే ఎంత? ఏజెంట్ లేని కొనుగోలుదారు వస్తే ఇంకో శాతం వేస్తారా? ఫోన్ ఎత్తేది ఒకే మనిషా, ఆ మనిషికి టెక్సస్ లైసెన్సు ఉందా?

ఆ కాగితం పట్టుకుని పాత ఏజెంట్ దగ్గరికి వెళితే బయటికి 3 అన్నవాడే లోపల దిగుతాడు. కమిషన్ రేటు చట్టం పెట్టింది కాదు, బేరమే. నేరుగా "ఒకటిన్నరకు చేస్తారా" అంటే అహం దెబ్బతింటుంది. బదులుగా ఇలా అడగండి: ఇక్కడ అమ్మి మీ ద్వారానే ఇంకోటి కొంటే ఎంత? కొనేవాడు ఏజెంట్ లేకుండా వస్తే ఎంత? పది రోజుల్లో మొదటి ఆఫర్‌కే పోతే ఎంత? ఈ మూడింటికి మూడు అంకెలు రాసిచ్చే ఏజెంట్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రాసివ్వని ఏజెంట్ కనీసం స్టేజింగ్ (ఇంటిని అందంగా సర్ది చూపించడం), ఇన్‌స్పెక్షన్‌కి ముందు చేయించే చిన్న రిపేర్లు తన ఖర్చులో వేసుకుంటాడేమో చూడండి.